మూడు మాత్రలకూ లొంగని బీపీ, తెల్లవారుజాము తలనొప్పి: నా స్లీప్ ఆప్నియా అనుభవం

ఆడవాళ్లు గురక పెట్టరని మన ఇళ్లలో ఒక నమ్మకం. పెట్టినా పైకి అనరు, అనడం మర్యాద కాదనుకుంటారు. ఆ మర్యాద వల్లే నా జబ్బు, అంటే నిద్రలో పదేపదే ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, కొన్నేళ్లపాటు పేరు లేకుండా నాతోనే ఉండిపోయింది. నాకు యాభై దాటాయి. గుంటూరులో ఉన్నత పాఠశాల పిల్లలకు లెక్కలు చెబుతాను. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో, శని ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తారు. అంటే నేను నిద్రపోతున్నప్పుడు నన్ను చూసేవాళ్లు దాదాపు ఎవరూ లేరు. ఈ జబ్బు విషయంలో అది చిన్న సంగతి కాదు. ఉన్నవాళ్లకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

నాకు తెలిసిన బాధలు వేరు. తెల్లవారుజామున కణతలు నొక్కేస్తున్నట్టు నొప్పితో మెలకువ వచ్చేది. నోరు పిడచకట్టుకుపోయి ఉండేది. రాత్రంతా మూత్రానికి లేస్తూనే ఉండేదాన్ని. రాత్రి పదింటికే పడుకున్నా పొద్దున్నే ఒళ్లు చితక్కొట్టినట్టుండేది. పదో తరగతిలో త్రికోణమితి చెబుతూ తర్వాతి మెట్టు తట్టక బోర్డు ముందు ఆగిపోయేదాన్ని. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం అది. కారణం లేకుండా కళ్లలో నీళ్లు తిరిగే రోజులూ ఉండేవి. బీపీకి ఒక మాత్రతో మొదలుపెట్టి మూడింటికి చేరాను, అయినా పై అంకె 150 దిగేది కాదు.

వైద్యుల దగ్గరికి వెళ్లలేదని కాదు. థైరాయిడ్, షుగర్, రక్తహీనత, బీ12, డీ విటమిన్, అన్నీ చూశారు. ఏదీ పెద్దగా తేడాగా లేదు. నెలసరి ఆగిపోయిన వయసు కదా, అందరికీ ఉండేదే అన్నారు ఒకరు. ఆందోళన అన్నారు మరొకరు. నిద్ర సరిగా పట్టడం లేదని చెబితే ఇంకొకరు నిద్రమాత్ర రాశారు. ఆ మాత్ర వేసుకున్న రోజుల్లో పొద్దుటి తలనొప్పి ఇంకా ఎక్కువగా ఉండేది. ఇలాంటి కొన్ని మాత్రలు గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయనీ, ఊపిరి ఆగినప్పుడు మెదడు తేరుకునే వేగాన్ని తగ్గిస్తాయనీ తర్వాత తెలిసింది. ఇన్ని చోట్ల ఒక్కరు కూడా నన్ను ‘గురక పెడతారా’ అని అడగలేదు. మావారే ఇవే బాధలు చెప్పుకుని ఉంటే మొదటి రోజే అడిగేవారని నా గట్టి నమ్మకం.

విషయం బయటపెట్టింది మా అక్క. తెనాలిలో బంధువుల పెళ్లికి వెళ్లి ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం. పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ, ‘నిద్రలో నీకు ఊపిరి ఆగిపోతోందే. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతావు. నేను లేచి కూర్చుని చూశాను. భయం వేసింది’ అంది. చెప్పి ఊరుకోలేదు, ఫోనులో వీడియో తీసింది. ఆ రోజుకు అంతకంటే మంచి పరీక్ష ఇంకొకటి లేదు.

వీడియోలో నన్ను నేను చూసుకోవడం కష్టంగా అనిపించింది. గురక, గురక, తర్వాత ఏ చప్పుడూ లేదు. కాని ఆ నిశ్శబ్దంలో నా పొట్టా ఛాతీ ఎగసిపడుతూనే ఉన్నాయి. ఊపిరి కోసం ఒళ్లంతా పెనుగులాడుతోంది, గాలి మాత్రం లోపలికి వెళ్లడం లేదు. చివరికి ఒక పెద్ద కుదుపు, గట్టిగా ఒక ఎగశ్వాస, మళ్లీ గురక. ఊపిరితిత్తుల వైద్యురాలికి ఈ వీడియో చూపించగానే ఆవిడ రెండోసారి చూడకుండానే నిద్ర పరీక్షకు రాశారు. ఊపిరి కోసం ప్రయత్నం జరుగుతూ గాలి ఆడకపోతే దారి మూసుకుపోయిందని అర్థం, దాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. అసలు ప్రయత్నమే ఆగిపోతే మెదడు నుంచి ఆదేశం అందడం లేదని, అది సెంట్రల్ ఆప్నియా. రెండింటికీ వైద్యం వేరు.

ఆవిడ ఎప్‌వర్త్ ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ అనే వైద్యుడు 1991లో తయారు చేసిన ఎనిమిది ప్రశ్నలవి. చదువుతూ కూర్చుంటే కునుకు వస్తుందా, టీవీ చూస్తుంటే వస్తుందా, కారులో గంటసేపు ప్రయాణిస్తే వస్తుందా, ఇలాంటివి. మొత్తం 24 మార్కులు, పది దాటితే పగటి మత్తు ఎక్కువ ఉన్నట్టు. నాకు పది కూడా రాలేదు. పగలు నాకు నిద్ర వచ్చేది కాదు, నీరసం వచ్చేది. ఆ ప్రశ్నల్లో నీరసం గురించి ఏమీ లేదు. ఈ జబ్బు ఉన్న ఆడవాళ్లలో చాలామంది మత్తు అని చెప్పరట. అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు అనే చెబుతారట. దాంతో జబ్బు కాస్తా నెలసరి ఖాతాలోనో మనసు ఖాతాలోనో పడిపోతుంది. నిజానికి నెలసరికీ దీనికీ సంబంధం ఉంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఊపిరిని ప్రేరేపిస్తుంది. నెలసరి ఆగాక ఆ అండ తగ్గి ముప్పు పెరుగుతుంది. ‘ఆ వయసు కదా’ అని వదిలేయాల్సిన చోటే అసలు వెతకాలి.

తర్వాత మెడ చుట్టుకొలత తీశారు, ముక్కులోకి చూశారు, నోరు బాగా తెరిచి నాలుక చాపమన్నారు. కొండనాలుక ఎంతవరకు కనిపిస్తోందో చూసి కాగితం మీద ‘మల్లంపాటి 4’ అని రాశారు. నేను ఆ పేరు చూసి ఆగిపోయాను. ఇదెవరి ఇంటిపేరని అడిగితే ఆవిడ నవ్వి, మీ గుంటూరు జిల్లా ఆయనే అన్నారు. మల్లంపాటి శేషగిరిరావు గారు అమెరికాలో బోస్టన్‌లో మత్తు వైద్యులుగా పనిచేశారు. ఆపరేషన్‌కు ముందు గొంతులోకి గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో నోరు చూసి ముందే అంచనా వేసే పద్ధతిని 1985లో ప్రచురించారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. మొదట మూడు తరగతులే ఉండేవి, నాలుగోది తర్వాత ఇతరులు చేర్చారు. నా నోట్లో కొండనాలుక అసలు కనిపించదు, గట్టి అంగిలి మాత్రమే కనిపిస్తుంది. పైగా కింది దవడ కాస్త వెనక్కి ఉంది. నేను మరీ లావు మనిషిని కాను. మనవాళ్లలో దవడ నిర్మాణం వల్ల పెద్దగా బరువు లేకపోయినా ఈ జబ్బు రావచ్చని ఆవిడ చెప్పారు.

గొంతు వెనుక భాగానికి ఎముకల ఆధారం లేదు, చుట్టూ కండరాలే. మెలకువగా ఉన్నంతసేపూ అవి బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో సడలుతాయి. నానిపోయిన కాగితపు గొట్టంతో కొబ్బరినీళ్లు గట్టిగా పీలిస్తే గోడలు ఎలా అతుక్కుపోతాయో, ఇరుకైన గొంతులో అలాగే జరుగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. మెదడు కంగారుపడి కొన్ని క్షణాలు లేపుతుంది. మనకు గుర్తుండనంత చిన్న మెలకువ అది. దానితోపాటు అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. మామూలుగా రాత్రిపూట దిగాల్సిన బీపీ నాలాంటివాళ్లకు దిగదు. మూడు మాత్రలు పగలు చేసిన పనిని ఈ జబ్బు రాత్రి చెడగొడుతోంది.

నన్ను ఆశ్చర్యపరిచింది మూత్రం సంగతి. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి పీల్చబోయినప్పుడు ఛాతీలో ఏర్పడే లాగుడుకు గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, నీటిని బయటికి పంపే హార్మోనును విడుదల చేస్తుంది. అందుకే రాత్రంతా మూత్రం. నేనేమో సాయంత్రం ఆరు తర్వాత మంచినీళ్లు మానేసి కూర్చున్నాను.

నిద్ర పరీక్షకు తలస్నానం చేసి రావాలి, నూనె రాయకూడదు, గోళ్లకు రంగు ఉండకూడదు, మధ్యాహ్నం తర్వాత కాఫీ తాగకూడదు. రాత్రి తొమ్మిదింటికి ఒక చిన్న గదిలో టెక్నీషియన్ అమ్మాయి పని మొదలుపెట్టింది. మెదడు తరంగాలకు తల మీద తీగలు, కళ్ల కదలికలకు కళ్ల పక్కన, దవడ కింద, కాళ్ల మీద మరికొన్ని, గుండెకు ఇంకొన్ని. ఛాతీకీ పొట్టకూ రెండు పట్టీలు, ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. పైన కెమెరా. బాత్రూముకు వెళ్లాలంటే తీగలన్నీ కలిసే డబ్బాను ఊడదీసి మెడలో వేసేది. ‘ఇన్ని తీగలతో నిద్ర ఎలా పడుతుందమ్మా’ అంటే, ‘అందరూ అదే అంటారు మేడమ్, అందరికీ పడుతుంది’ అంది. తెల్లారాక నేను కన్ను మూయలేదని ప్రమాణం చేసి చెప్పగలను అనిపించింది. యంత్రం మాత్రం ఐదు గంటలు దాటి నిద్రపోయానని చూపించింది. నిద్ర గురించి మన సాక్ష్యం ఎంత బలహీనమో అప్పుడు అర్థమైంది.

ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్ష కూడా ఉంది, ఖర్చు తక్కువ. కాని అందులో మెదడు తరంగాలు ఉండవు కాబట్టి ఏ దశ నిద్రలో ఏం జరిగిందో తెలియదు. నా విషయంలో అదే కీలకమైంది.

రిపోర్టులో ముఖ్యమైన అంకె ఏహెచ్ఐ. గంటకు ఎన్నిసార్లు ఊపిరి కనీసం పది సెకన్లు ఆగిందో, లేదా బాగా తగ్గిందో చెప్పే లెక్క. ఐదులోపు మామూలు, 15 వరకు స్వల్పం, 30 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాది 22. మరీ అంత భయంకరం కాదనుకున్నాను. వైద్యురాలు కింది వరుస మీద వేలు పెట్టారు: కలలు వచ్చే దశలో 54. ఆక్సిజన్ 76 శాతానికి పడిపోయింది. ఆ దశలో కండరాలు దాదాపు పూర్తిగా సడలిపోతాయి, ఆడవాళ్లలో జబ్బు అక్కడే ఎక్కువగా దాక్కుంటుంది. ఆ దశ రాత్రి రెండో సగంలో ఎక్కువసేపు నడుస్తుంది. నా తలనొప్పి తెల్లవారుజామునే ఎందుకు వచ్చేదో అక్కడ తెలిసిపోయింది. లెక్కల టీచరుగా నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పే మాట, సగటును చూసి మోసపోవద్దని.

ఆ రాత్రి మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మది నా దవడే. వరండాలో పడుకుంటే గురక వీధిలోకి వినిపించేది, పిల్లలం నవ్వుకునేవాళ్లం. బీపీ ఎప్పుడూ అదుపులో ఉండేది కాదు. ఒకరోజు తెల్లారి లేవబోయి పక్షవాతంతో పడిపోయింది. అమ్మకు ఈ జబ్బే ఉందని చెప్పడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. కాని వైద్యం చేయని ఆప్నియా బీపీని పెంచుతుందనీ, పక్షవాతం, గుండె లయ తప్పడం, మధుమేహం లాంటి వాటితో ముడిపడి ఉంటుందనీ ఇప్పుడు తెలుసు. ఆ పరీక్ష అప్పట్లో మా ఊరిదాకా వచ్చి ఉంటే బాగుండేదని మనసు పీకుతుంది.

వైద్యం సీపాప్ యంత్రం. సిడ్నీలో కొలిన్ సలివన్ 1981లో దీన్ని ప్రకటించేదాకా తీవ్రమైన ఆప్నియాకు ఉన్న గట్టి వైద్యం గొంతుకు రంధ్రం చేయడమే. సీపాప్ చేసే పని సులువైనది: గదిలోని గాలినే కొంచెం ఒత్తిడితో మాస్కు ద్వారా పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. చుట్టాలు చూసి, ‘ఆక్సిజన్ పెట్టుకునేదాకా వచ్చిందా’ అని కంగారుపడ్డారు. అందులో ఆక్సిజన్ సిలిండర్ లేదు, మామూలు గాలే. ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టం వరకు మార్చుకోవచ్చు. మరో రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి, ఒత్తిడి మెల్లగా పెంచుతూ నాకు 9 సరిపోతుందని తేల్చారు.

మొదటి వారాలు కష్టం. ఇది ముందే ఎవరైనా చెప్పాలి, చెప్పకపోతే యంత్రం అటక ఎక్కుతుంది. మాస్కు పెట్టగానే ఊపిరాడనట్టు గుండె దడ. ఊపిరి వదులుతుంటే గాలి ఎదురొస్తుంది. పొట్టలోకి గాలి పోయి ఉబ్బరం. ముక్కు ఎండిపోవడం. మాస్కు అంచు నుంచి గాలి కళ్లలోకి కొట్టడం. బడికి వెళ్లే వేళకూ చెంప మీద గీతలు. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క ఉపాయం ఉంది, అది తెలిసేలోపే చాలామంది వదిలేస్తారు. నన్ను గట్టెక్కించింది వైద్యురాలు చెప్పిన చిన్న కిటుకు: సాయంత్రం టీవీ చూస్తూ, నిద్ర ఆలోచన లేకుండా, మాస్కు పెట్టుకుని కూర్చోవడం. మొదట మాస్కు ఒక్కటే, తర్వాత యంత్రంతో. ముఖం దానికి అలవాటుపడ్డాక రాత్రి భయం తగ్గింది. తక్కువ ఒత్తిడితో మొదలై నిద్ర పట్టేసరికి మెల్లగా పెరిగే అమరిక ప్రతి యంత్రంలోనూ దాదాపు ఉంటుంది, అడిగి పెట్టించుకోవాలి. ముక్కుకు మాత్రమే ఉండే మాస్కు నాకు పడలేదు, నోరు తెరుచుకుని గాలంతా పోయేది. నోరూ ముక్కూ కప్పేది తీసుకున్నాక కుదిరింది. కొందరికి సరిగ్గా దీనికి ఎదురు. అందుకే కొనేముందు అద్దెకు తీసుకుని చూడటం మంచిది. యంత్రానికీ మాస్కుకూ కలిపి నాకు యాభై వేలు దాటింది. బీమా పాలసీలు సాధారణంగా యంత్రం ఖరీదు ఇవ్వవు.

మొట్టమొదట తగ్గింది రాత్రి మూత్రం. ఒక పొద్దున లేచి చూస్తే కిటికీలో వెలుగు ఉంది, మధ్యలో లేచిన గుర్తే లేదు. ఎన్నేళ్లైందో అలా నిద్రపోయి! తర్వాత తలనొప్పి పోయింది. తరగతిలో మెట్టు తప్పకుండా లెక్క చివరిదాకా చెప్పగలిగిన రోజున స్టాఫ్ రూముకొచ్చి ఏడ్చేశాను. బీపీ నెమ్మదిగా దిగి 130ల దగ్గర నిలబడింది, ఒక మాత్ర మోతాదు వైద్యులే తగ్గించారు. మాత్రలు మానేస్తారని ఆశపడవద్దు. దీనివల్ల బరువూ తగ్గలేదు.

వైద్యురాలు ఒక నిజం కూడా చెప్పారు. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ల మీద సేవ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2016లో వచ్చాయి. సీపాప్ వాడినా ఆ ముప్పులు మళ్లీ రావడం తగ్గినట్టు తేలలేదు. కాని అందులో వాళ్లు సగటున రాత్రికి మూడు గంటల చిల్లరే వాడారు. పగటి మగత, జీవన నాణ్యత, మానసిక స్థితి విషయంలో లాభం కనిపించింది. ‘రాత్రంతా వాడండి. ముఖ్యంగా తెల్లవారుజామున తీసేయకండి, మీ జబ్బు అంతా అక్కడే ఉంది’ అన్నారు. మధ్యరాత్రి మాస్కు తీసి పడేసేవాళ్లందరూ వినాల్సిన మాట ఇది.

ఇంట్లో నడిపేటప్పుడు తెలిసినవి కొన్ని. యంత్రంలో గాలికి తేమ కలిపే గిన్నెలో డిస్టిల్డ్ నీళ్లే పోయాలి, మా గుంటూరు బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర పేరుకుంటుంది. మాస్కు మెత్తని భాగం రోజూ కడగాలి, ముఖం మీది జిడ్డు అంటితే గాలి లీకవుతుంది. ఫిల్టరు నల్లబడేదాకా ఆగకూడదు. ఇన్వర్టరు లైను మంచం పక్కకు లాగించుకున్నాను, కరెంటు పోతే మాస్కులో గాలి ఆగి మెలకువ వచ్చేస్తుంది. ఇక, ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు వైద్యులకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పి తీరాలి. మత్తు మందులు, నొప్పి తగ్గించే బలమైన మందులు గొంతును ఇంకా వదులు చేస్తాయి. ఆపరేషన్ తర్వాత యంత్రం పక్కనే ఉండాలి. నా వైద్య కాగితాల పై పేజీలో ఇది ఎర్ర సిరాతో రాసి పెట్టాను.

అందరికీ యంత్రమే అవసరం కాదు. కింది దవడను ముందుకు నిలిపే పళ్ల సాధనం స్వల్ప, మధ్యస్థ జబ్బుకు కొందరికి సరిపోతుంది. పిల్లల్లో టాన్సిళ్లు, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు తీస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. స్థూలకాయం ఉన్నవాళ్లకు బరువు తగ్గడమే పెద్ద మందు. స్థూలకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్ల కోసం, బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

అక్కను నేను వదల్లేదు. తనకూ అమ్మ దవడే కదా. ‘నాకేం లేదే, గురక లేదు’ అంటూ వాయిదా వేసింది. ‘లేదని నీకెవరు చెప్పారు, బావగారికి చెవుడు’ అని పట్టుబట్టి ఇంటి దగ్గర చేసే పరీక్ష చేయించాను. ఏహెచ్ఐ 9 వచ్చింది, అదీ వెల్లకిలా పడుకున్నప్పుడే. పక్కకు తిరిగి పడుకుంటే మామూలు. యంత్రం అక్కరలేదన్నారు. వీపు వెనుక గట్టి దిండు పెట్టుకుని పక్కకు పడుకోవడం, ఐదారు కిలోలు తగ్గడం, ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. దిండు కుట్టిపెట్టాను, నడక మొదలుపెట్టింది.